ముందు పంచనామా... ఆ తర్వాతే ప్రాణం!

నిమిషానికి లక్షన్నర చుట్లు. అంటే సెకనుకి రెండున్నర వేలు! కారులోని టర్బోఛార్జర్ నిండు వేగం మీదున్నప్పుడు అందులోని చక్రాలు తిరిగే లెక్క ఇది. అరచేతిలో ఇమిడిపోయే ఆ చక్రాల జతకి ఓ పక్క నిప్పులు కక్కే పొగ, మరో పక్క బయటి గాలి. రెంటినీ కలిపే ఇరుసు చాలా టర్బోల్లో పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర కాసేపు తెగిందా... అంతే సంగతులు. ఇరుసు అరుగుతుంది. లోహపు రజను ఆయిల్లో కలుస్తుంది. ఆ ఆయిల్ ఇంజిన్ అంతా తిరుగుతుంది. ముచ్చటపడి కొనుక్కున్న కారు వాకిట్లో కదలకుండా నిలబడిపోతుంది.

అలా ఆగిపోయిన ఇంజిన్ని వర్క్‌షాపుకి పంపకుండా ఇంటి గ్యారేజీలోనే దించి, నట్టు నట్టూ విప్పి, తిరిగి బిగించుకునేవాళ్లు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మెకానిక్కులు కారు. పగలు ఉద్యోగం, రాత్రిళ్లూ సెలవురోజుల్లోనూ పానాలతో కుస్తీ. అక్కడ మెకానిక్ గంటకి పుచ్చుకునే కూలీ ఎక్కువ కావడం ఒక కారణం. తన చేత్తో బిగించిన ఇంజిన్ మొదటిసారి అందుకుంటే ఆ చప్పుడు వినాలన్న ఆశ రెండోది.

అయితే ఇలా ప్రాణం పోసిన ఇంజిన్లన్నీ ఒకేలా బతకవు. కొన్ని ఏళ్ల తరబడి పరుగులు తీస్తాయి. కొన్ని వారం తిరక్కుండానే మళ్లీ మూలనపడతాయి. ఖరీదైన పిస్టన్లు వేసినా, గట్టి కనెక్టింగ్ రాడ్లు తెప్పించినా అంతే. ఎందుకని? సామాను మీద పెట్టిన శ్రద్ధ ఒక ప్రశ్న మీద పెట్టకపోవడం వల్ల. ఆ ప్రశ్న చాలా చిన్నది... అసలు ఈ ఇంజిన్ మొదటిసారి ఎందుకు పోయింది?

రెండు లీటర్ల రాక్షసుడు

ఇంట్లో ఇంజిన్లు విప్పేవాళ్లకి బాగా ఇష్టమైన వాటిలో మిత్సుబిషి వారి 4జీ63 ఒకటి. లాన్సర్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది 1998 నుంచి హిందుస్థాన్ మోటార్స్ తమిళనాడులోని తిరువళ్లూరులో తయారుచేసిన కారు. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉండే ఆ కారుకి జపాన్‌లో ఓ అల్లరి అన్న ఉన్నాడు. పేరు లాన్సర్ ఎవొల్యూషన్. 1992లో పుట్టాడు. ర్యాలీ పందేల కోసమే తయారైన ఆ కారు బానెట్ కింద ఉండేదే టర్బో బిగించిన 4జీ63. ఫిన్లాండుకి చెందిన టోమీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయింది ఈ ఇంజిన్ బలంతోనే.

కొలతలు చూస్తే అంత బలముందని అనిపించదు. నాలుగు సిలిండర్లు. బోరు 85 మి.మీ., స్ట్రోకు 88 మి.మీ. మొత్తం 1,997 సీసీ. కానీ బ్లాకు పోత ఇనుముది. ఎంత ఒత్తిడి పెట్టినా ఓర్చుకుంటుందని పేరు. బ్రిటన్‌లో 2004లో అమ్మిన ఎఫ్‌క్యూ-400 అనే రకంలో ఈ రెండు లీటర్ల ఇంజిన్ నుంచే 405 హార్స్‌పవర్ రాబట్టారు. లీటరుకి రెండొందల పైమాటే! 2007లో వచ్చిన పదో తరం ఎవొల్యూషన్‌లో దీన్ని తీసేసి అల్యూమినియం బ్లాకున్న కొత్త ఇంజిన్ పెట్టారు. అయినా పాత ఇనుప బ్లాకు మీద మోజు తగ్గలేదు. ఇప్పటికీ గ్యారేజీల్లో దాన్ని విప్పుతూనే ఉన్నారు, బిగిస్తూనే ఉన్నారు.

ఊపిరి ఎక్కువైతే...

టర్బో కొత్త కనిపెట్టేం కాదు. వృథాగా పోయే పొగతో చక్రాన్ని తిప్పి, ఆ బలంతో ఇంజిన్లోకి మరింత గాలి కుక్కవచ్చన్న ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కలపొచ్చు. మంట పెద్దదవుతుంది. బలం పెరుగుతుంది. బయటి గాలి ఒత్తిడికి మరో బార్ ఒత్తిడి తోడైతే సిలిండర్లోకి దాదాపు రెండింతల గాలి వెళ్తుంది. రెండు లీటర్ల ఇంజిన్ నాలుగు లీటర్ల ఇంజిన్లా పనిచేస్తుందన్నమాట.

చిక్కు కూడా అక్కడే ఉంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు అడుగుభాగం కాలినట్టే ఇదీ. వేడి మీదున్న గాలీ పెట్రోలూ స్పార్క్ ప్లగ్ అంటించిన మంట తమదాకా వచ్చేవరకూ బుద్ధిగా ఉండవు. మంట ఒక మూల నుంచి సాఫీగా పాకాల్సింది పోయి, మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా భగ్గుమంటుంది. దీన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టే. ఒకటి రెండు దెబ్బలకి ఏమీకాదు. వరసగా పడితే రింగుల్ని పట్టి ఉంచే పిస్టన్ అంచులు విరుగుతాయి. బేరింగులు నలుగుతాయి. హెడ్ గ్యాస్కెట్ తూట్లుపడుతుంది.

ఈ బాధ టర్బో కారంత పాతది. అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో కార్లలో ఒకటి. నాకింగ్ రాకుండా అందులో ఓ చిన్న ట్యాంకు పెట్టారు. డిస్టిల్డ్ వాటర్, మెథనాల్ కలిపిన ద్రవాన్ని అందులో పోస్తుండాలి. ఇంజిన్ మీద భారం పడినప్పుడు అది లోపలికి చిమ్మి వేడి తగ్గిస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ కారు కొన్నవాళ్లు పెట్రోలు పోయించుకున్నంత శ్రద్ధగా దాన్ని నింపలేదు. ఇబ్బందులు ముదిరి, ఎన్నో కార్లకి టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ బిగించాల్సి వచ్చింది. బలం పెంచడం తేలికే, దాన్ని భరించే ఏర్పాటు నిలబెట్టుకోవడమే కష్టమని టర్బో మొదట్లోనే నేర్పిన పాఠమిది.

శవం చెప్పే సాక్ష్యం

అందుకే అనుభవమున్నవాళ్లు పానా పట్టేముందు పోలీసుల్లా ఆలోచిస్తారు. ఇంజిన్ కారులో ఉండగానే విచారణ మొదలవుతుంది. ఒక్కో సిలిండర్లోకీ గొట్టంతో గాలి పంపి, అది ఎక్కణ్నుంచి బయటికొస్తుందో చెవిపెట్టి వింటారు. ఎగ్జాస్ట్ గొట్టంలోంచి బుస్సుమంటే పొగ వాల్వు కారుతున్నట్టు. గాలి లోపలికెళ్లే దారిలో వినపడితే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డులో పగులో. ఒక్క పానా తిప్పకుండానే సగం కథ తెలిసిపోతుంది.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే నాకింగ్ పిస్టన్ని తినేస్తున్నట్టే. ఆయిల్ ఫిల్టర్ని కోసి లోపలి కాగితాన్ని పరిచి చూస్తారు. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా తళుక్కుమంటే బేరింగులో, పిస్టన్లో అరిగినట్టు.

ఇంజిన్ దించి విప్పాక అసలు సాక్షులు బయటికొస్తారు. అవే బేరింగ్ షెల్స్. క్రాంకుషాఫ్టుకీ రాడ్డుకీ మధ్య ఉండే ఈ అర్ధచంద్రపు రేకులు ఇంజిన్ జాతకమంతా చెబుతాయి. అన్నిటి మీదా గీతలుంటే ఆయిల్లో మురికి తిరిగింది. ఒకే ఒక్కటి మాడిపోయి మిగతావి బాగుంటే దానికి ఆయిల్ అందలేదు. రాడ్డు బేరింగుల్లో పైషెల్ మాత్రమే నలిగి ఉంటే పైనుంచి దెబ్బలు పడ్డాయి... అంటే నాకింగ్. షెల్ ఒక అంచున మాత్రమే అరిగితే రాడ్డు వంగిందేమో చూడాలి. క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగిపోతే క్లచ్ వైపు అనుమానంగా చూడాలి.

అందుకే విప్పిన ప్రతి భాగాన్నీ అలాగే, అదే వరసలో, ఏ సిలిండర్‌దో రాసిన సంచిలో దాస్తారు. ఫొటో తీస్తారు. నోటుపుస్తకంలో ఎక్కిస్తారు. తుడిచి మెరిపిస్తే సాక్ష్యం చెరిగిపోతుంది. బేరింగ్ క్యాపులైతే ఒకదాని చోట ఒకటి బిగించడానికే వీల్లేదు. బ్లాకుతో కలిపే వాటి గుండ్రం కోసి ఉంటారు మరి. ఏది ఎక్కడిదో తెలియకపోతే ఆ బ్లాకుకి మళ్లీ మెషిన్ పని తప్పదు.

ఈ పని చేయకుండా కొత్త సామాను వేస్తే ఏమవుతుంది? పెట్రోలు సరిగా అందని ఇంజిన్లో పిస్టన్ కాలిందనుకుందాం. దాని చోట పోర్జింగు చేసిన ఖరీదైన పిస్టన్ వేశారు. పెట్రోలు పంపు మాత్రం పాతదే. కొత్త పిస్టన్ కాస్త ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత అదీ కాలుతుంది. జబ్బు అలాగే ఉంది, పోయింది డబ్బే.

ఇంట్లో అయ్యేవి... కానివి

ఇంట్లో రీబిల్డ్ అంటే అంతా ఇంట్లోనే జరిగిపోతుందని కాదు. బోరు కొట్టడం, లోపలి గోడలకి హోనింగ్ చేయడం, క్రాంకు గ్రైండింగ్, హెడ్డు ఫేసింగ్, తిరిగే భాగాలన్నిటికీ బ్యాలెన్సింగ్... ఇవన్నీ పెద్ద యంత్రాల పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, మరో ఊరి బోరింగ్ షాపులోనో లారీ ఇంజిన్లకి రోజూ జరిగే పనే ఇది. అక్కడి ఇంటి మెకానిక్కులూ బ్లాకుని అలాంటి షాపుకే మోసుకెళ్తారు. చేతిలో రెండు వస్తువులు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఒకటి, కొత్త పిస్టన్లు. రెండు, కాగితమ్మీద రాసిన కొలతలు.

పిస్టన్లు ముందే ఎందుకంటే, బోరు పిస్టన్ని బట్టి కొట్టాలి. పిస్టన్ అల్లాయ్‌లన్నీ వేడికి ఒకేలా ఉబ్బవు. పందెం కార్లకి వాడే 2618 రకం అల్యూమినియంలో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బలకి బాగా ఓర్చుకుంటుంది కానీ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని గోడకీ దానికీ మధ్య సందు ఎక్కువ వదలాలి. చలికాలం ఉదయం స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా టకటకమని చప్పుడు చేస్తుంది. 4032 రకంలో సుమారు 12 శాతం సిలికాన్ ఉంటుంది. ఉబ్బు తక్కువ, చప్పుడూ తక్కువ. రోజూ ఆఫీసుకి నడిపే కారుకి ఇదే సుఖం. పందెం బండికి మొదటిది. ఏది ఎక్కువ ఖరీదన్నది కాదు, ఎందుకోసమన్నది ముఖ్యం.

మిగిలిన సరంజామా... ఇంజిన్ని ఎత్తడానికి చిన్న క్రేను, తిప్పుతూ పనిచేసుకోవడానికి స్టాండు, టార్క్ రెంచీ, మైక్రోమీటరు, బోరు గేజి. వీటిలో చాలావాటిని రోజు అద్దెకి తెచ్చుకోవచ్చు. ప్రాణం సంగతి మాత్రం అద్దెకి దొరకదు. కారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా గట్టి స్టాండ్లు పెట్టాలి. పెట్రోలు గొట్టం ఊడదీసేముందు దాన్లోని ఒత్తిడి తీసేయాలి. మూసిన గదిలో పెట్రోలుతో సామాను కడగడం నిప్పుతో చెలగాటమే.

వెంట్రుకలో సగం

అసలు ఆట మొదలయ్యేది కొలతల దగ్గర. మనిషి వెంట్రుక మందం మనిషిని బట్టి 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా ఉంటుంది. 4జీ63లో రాడ్డు బేరింగ్ కూర్చునే క్రాంకు భాగం వ్యాసం 45 మి.మీ. ఆయిల్ పొర కోసం అక్కడ వదలాల్సిన సందు వ్యాసంలో వెయ్యోవంతు ఉండాలన్నది ఇంజిన్లు కట్టేవాళ్ల పాత లెక్క. అంటే 0.045 మి.మీ. దట్టమైన వెంట్రుకలో సగం కూడా లేదు! ఇంతకంటే తగ్గితే ఆయిల్ దూరదు. మరీ పెరిగితే నిలవదు, ఒత్తిడి పడిపోతుంది. నిమిషానికి ఏడువేల చుట్లు తిరిగే ఇంజిన్ భారమంతా ఆ సందులోని ఆయిల్ మీదే.

పిస్టన్ రింగులదీ ఇదే వరస. రింగు నిండు గుండ్రంగా ఉండదు, ఓ చోట తెగి ఉంటుంది. ఆ తెగిన కొసల మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది టర్బో ఇంజిన్‌కి చావుబతుకుల సమస్య. వేడికి రింగు సాగుతుంది. టర్బో ఇంజిన్లో వేడి ఎక్కువ, సాగుడూ ఎక్కువే. కొసలు రెండూ ఒకదానికొకటి తగిలాయంటే రింగుకి పోవడానికి దారుండదు. గోడని పట్టేసి పిస్టన్ అంచుని పెరికేస్తుంది. వీధుల్లో తిరిగే టర్బో కార్లకి బోరు కొలతని 0.005తో, బాగా ఒత్తిడి పెట్టేవాటికి 0.006తో గుణించమంటారు. 85 మి.మీ. బోరుకి 0.43 నుంచి 0.51 మి.మీ. దాకా వస్తుంది. రింగుల తయారీదారు ఇచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

ఒక్కో రింగునీ దాని సిలిండర్లోనే పెట్టి, ఫీలర్ గేజితో కొలిచి, చిన్న ఆకురాయితో కొస రాస్తూ మళ్లీ కొలవాలి. నాలుగు పిస్టన్లు, ఒక్కోదానికి ఇలా సరిచేయాల్సిన రింగులు రెండు. మొత్తం ఎనిమిది. ఓ సాయంత్రం గడిచిపోతుంది. ‘కొత్త రింగులేగా, సరిగ్గానే ఉంటాయిలే’ అనుకుని ఆ సాయంత్రాన్ని మిగుల్చుకున్నవాళ్లు ఆ తర్వాత కొన్ని నెలలు పోగొట్టుకుంటారు.

సబ్బునీళ్ల మహిమ

హోనింగ్ అయి వచ్చిన బ్లాకు చూడ్డానికి అద్దంలా ఉంటుంది. వేలితో రాస్తే ఏమీ అంటదు. కానీ ఆ గోడల్లోని సన్నటి గీతల్లో రాతిపొడి ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడిస్తే అది పోదు, ఇంకా లోపలికి దిగుతుంది. దానికి మందు ఇంట్లో ఉండేదే... వేణ్నీళ్లు, సబ్బు, బ్రష్షు. తెల్లటి గుడ్డతో గోడ తుడిస్తే మరక లేకుండా వచ్చేదాకా రుద్దుతూనే ఉండాలి. ఆపైన ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాయాలి. కాస్త ఆలస్యమైనా తడి ఇనుముకి తుప్పు పట్టేస్తుంది. ఆయిల్ ప్రవహించే సన్నటి దారులకైతే మూతలు తీసి, పొడుగాటి బ్రష్షులు దూర్చి కడగాలి.

చాలామంది ఇక్కడిదాకా చేస్తారు. మర్చిపోయేది ఇంజిన్ బయట ఉన్నవాటిని. ఎవొల్యూషన్ కార్లలో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ ముందువైపు విడిగా ఉంటుంది. అరిగిన బేరింగ్ రజను కొట్టుకుపోయి దాని సన్నటి గదుల్లో తిష్ఠవేస్తుంది. ఎంత కడిగినా పూర్తిగా వచ్చిందని చెప్పలేం. కొత్త ఇంజిన్ బిగించి, వేడి ఆయిల్ పరుగు మొదలవగానే ఆ రజను కదిలి కొత్త బేరింగుల మీద పడుతుంది. కొన్ని కిలోమీటర్లలోనే కథ మళ్లీ మొదటికి. అందుకే బేరింగులు పోయిన ఇంజిన్ కట్టేటప్పుడు కూలర్‌ని మార్చేయమంటారు. టర్బో పగిలి ఉంటే ఇంటర్‌కూలర్లోనూ ముక్కలూ ఆయిలూ చేరి ఉంటాయి. దాన్నీ వదలకూడదు. పాత చావు దాక్కునే చోట్లు ఇవే.

బిగింపులో కిటుకు

బోల్టు ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా పట్టుకుంటుందని అనుకుంటాం. కానీ రెంచీ మీద పెట్టిన బలంలో చాలాభాగం బోల్టు తల కిందా, మరల్లోనూ రాపిడికే ఖర్చయిపోతుంది. నిజంగా బిగింపుకి ఉపయోగపడేది సుమారు పదోవంతు. మరలు పొడిగా ఉంటే ఒక లెక్క, ఆయిల్ రాస్తే మరో లెక్క. బోల్టులు తయారుచేసినవాళ్లు ఏ నూనె రాయమన్నారో అదే రాయాలి. కీలకమైన రాడ్డు బోల్టుల విషయంలో రెంచీ అంకెని నమ్మకుండా, బిగించాక బోల్టు ఎంత సాగిందో గేజి పెట్టి కొలుస్తారు. హెడ్డు బోల్టుల్ని మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి వెళ్తూ, విడతలు విడతలుగా బిగిస్తారు.

4జీ63లో ఓ ప్రత్యేకమైన మెలిక ఉంది. అదురు తగ్గడానికి ఇందులో రెండు బ్యాలెన్స్ షాఫ్టులుంటాయి. వాటిలో ఒకటి ఆయిల్ పంపుతో కలిసి తిరుగుతుంది. టైమింగ్ బెల్టు వేసేటప్పుడు గుర్తులన్నీ చక్కగా కలిసినా సరే, ఈ షాఫ్టు తలకిందులుగా ఉండే అవకాశముంది! అది తేల్చడానికి బ్లాకు పక్కనున్న చిన్న మూత తీసి స్క్రూడ్రైవర్ దూర్చి చూస్తారు. 60 మి.మీ. లోపలికెళ్తే సరిగ్గా ఉన్నట్టు. ఇరవై పాతిక దగ్గరే ఆగిపోతే పంపు చక్రాన్ని మరో చుట్టు తిప్పి మళ్లీ గుర్తు కలపాలి. ఈ సంగతి తెలియనివాళ్ల ఇంజిన్ స్టార్టయితే అవుతుంది కానీ అదురు మాత్రం తగ్గదు.

ఆ షాఫ్టుల్లో ఒకదాన్ని తిప్పే చిన్న బెల్టు తెగితే ఇంకా ప్రమాదం. ముక్క వెళ్లి పెద్ద బెల్టులో పడి దాన్నీ తప్పిస్తుంది. వాల్వులు పిస్టన్లకి గుద్దుకుంటాయి. అందుకే అన్నీ బిగించాక స్టార్టర్ జోలికి పోకుండా, ముందు చేత్తో క్రాంకుని రెండు పూర్తి చుట్లు తిప్పుతారు. ఎక్కడైనా తగిలితే చేతికి తెలుస్తుంది. అప్పుడు ఆగితే నష్టమేం లేదు.

తొలి కూత

ఇంజిన్ కారెక్కింది. ఇప్పుడు కావాల్సింది ఓపిక. బిగించిన భాగాలకి రాసిన నూనె తప్ప లోపల ఆయిల్ పారడం లేదు. అందుకే పెట్రోలూ స్పార్కూ అందకుండా చేసి, ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెజర్ మీటరు ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పుతారు. టర్బోకి ఆయిల్ వెళ్లే గొట్టంలోనూ ముందే కాస్త ఆయిల్ పోస్తారు. మొదట్లో చెప్పుకున్న ఆ పల్చటి పొర కోసమే ఇదంతా.

స్టార్టయ్యాక గంటల తరబడి నిలబెట్టి ఉంచడం మంచిదనుకుంటారు కొందరు. అది పొరపాటు. రింగుల్ని గోడకి నొక్కేది మంట ఒత్తిడే. భారం లేకుండా ఉత్తినే తిరిగితే రింగులు కుదురుకోకముందే గోడ నున్నబడిపోతుంది. ఆపైన ఆయిల్ తాగుతూనే ఉంటుంది. లీకులేవీ లేవని తేలాక రోడ్డెక్కించి, వేగం మారుస్తూ, మితంగా భారం వేస్తూ నడపాలి. మొదటి ఆయిల్ని త్వరగా మార్చి, ఫిల్టర్‌ని మళ్లీ కోసి చూడాలి. సన్నటి బూడిదరంగు మెరుపు మామూలే. రేకులు కనిపిస్తే మాత్రం బండి ఆపేయాల్సిందే.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైంది... ట్యూనింగ్. మామూలుగా 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సరిపోతుంది. టర్బో పూర్తి బలం మీదున్నప్పుడు పదకొండు, పన్నెండు పాళ్లకే ఒక పాలు చొప్పున పెట్రోలు ఎక్కువ ఇవ్వాలి. ఆ అదనపు పెట్రోలే లోపలి వేడిని తగ్గిస్తుంది. పెట్రోలు రకమూ చూసుకోవాలి. జపాన్‌లో దొరికే మేలురకం పెట్రోలు ఆక్టేన్ సుమారు 100. అక్కడి లెక్కలతో వచ్చిన కారుని మరో దేశంలో తక్కువరకం పెట్రోలుతో అలాగే నడిపితే నాకింగ్ తప్పదు. అంతకుముందు ఆ ఇంజిన్ పోయింది అందువల్లేనేమో! పంచనామా చేసినవాళ్లకి ఆ సంగతి తెలిసి ఉంటుంది. కంప్యూటర్లో ముందు అది సరిచేసి, ఆ తర్వాతే యాక్సిలరేటర్ తొక్కుతారు.

ఆ ఒక్క ప్రశ్న

టర్బో ఇప్పుడు పందెం కార్లకే పరిమితం కాదు. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో, డీజిల్ కార్లలో, చిన్న పెట్రోలు కార్లలోనూ అది మామూలైపోయింది. వాటిని ఎవరూ ఇంట్లో విప్పక్కర్లేదు. వేళకి ఆయిల్ మార్పిస్తే, ఇంజిన్ వేడెక్కకముందే గట్టిగా తొక్కకుండా ఉంటే, ఘాట్ రోడ్డు ఎక్కొచ్చాక ఒకట్రెండు నిమిషాలు తిరగనిచ్చి ఆపితే టర్బో హాయిగా బతుకుతుంది.

కానీ సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ ఇంటి మెకానిక్కుల పద్ధతి అందరికీ పనికొస్తుంది. ‘ఇంజిన్ కొత్తగా చేయించాం సార్, ఇక చూసుకోనక్కర్లేదు’ అంటాడు అమ్మే ఆయన. చాలామంది ఆ మాటకే సంతోషపడి బేరంలోకి దిగుతారు. అడగాల్సింది వేరే ఉంది... ‘ఎందుకు చేయించారండీ?’ అని. ఆయిల్ కూలర్ మార్చారా, టర్బో సంగతేమిటి, బోరింగ్ షాపు రాసిచ్చిన కొలతలున్నాయా అని. బ్లాకు మీది నంబరు ఆర్‌సీలో ఉన్నదేనా అన్నది కూడా చూసుకోవాలి. అది కలవకపోతే 1988 మోటారు వాహనాల చట్టంతో లేనిపోని తంటా. వీటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పి, పాత బేరింగ్ షెల్స్ ఓ సంచిలో తెచ్చి చూపించే మనిషి దొరికితే నమ్మకంగా బేరం మొదలుపెట్టొచ్చు. ‘ఏమో సార్, పోయింది... చేయించేశాం’ అన్నాడా, ఆ ఇంజిన్ లోపల పాత జబ్బు ఇంకా ఉందనుకోవడమే మంచిది!